తడి చెత్త లేని ఊరు

ఎర్రబండగూడెం పంచాయతీకి సర్పంచ్ ఉంది, సెక్రెటరీ ఉంది, ట్రాక్టరు ఉంది, ఊరి బయట రేకులు కప్పిన కంపోస్టు షెడ్డు కూడా ఉంది. లేనిదల్లా చెత్త ఒక్కటే. పొడి చెత్త ఎలాగో రోజుకు నాలుగు పాల కవర్లు, రెండు బిస్కెట్ కాగితాలు దొరికేవి. తడి చెత్త మాత్రం, ఒట్టేసి చెప్పొచ్చు, చిటికెడు కూడా దొరికేది కాదు. ఆ దొరకని చెత్త వల్ల పంచాయతీ సెక్రెటరీ శైలజ ఉద్యోగానికే ఎసరు వచ్చింది.

వినేవాళ్ళకు నవ్వొస్తుంది గానీ శైలజకు ఏడుపొచ్చేది. చౌటుప్పల్‌లో మందుల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసే తండ్రికి పెద్ద కూతురు. మూడేళ్ళు పుస్తకాల ముందు కూర్చుని పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగం. చేరి మూడో ఏడు నడుస్తోంది. ఈ ఏడాది కూడా మచ్చ లేకుండా గడిస్తే నౌకరీ ఖాయం అవుతుంది. కానీ అప్పటికే రెండు మెమోలు చేతిలో పడ్డాయి. రెండూ తడి చెత్తవే.

ప్రతిరోజూ పది గంటల్లోపు ఫోన్లో రెండు గడులు నింపాలి. పొడి చెత్త ఎన్ని కిలోలు, తడి చెత్త ఎన్ని కిలోలు, ఫోటోతో సహా. రెండో గడిలో శైలజ నాలుగు నెలలుగా సున్నా పెడుతూ వచ్చింది. పక్క ఊళ్ళ సెక్రెటరీలు ఏ మాయ చేసేవాళ్ళో గానీ వాళ్ళ గడుల్లో యాభైలు, అరవైలు పడేవి. మండల ఆఫీసు మీటింగులో అందరి ముందూ అధికారి ఆమెను నిలబెట్టి అడిగాడు.

"ఏమ్మా, మీ ఊరోళ్ళు అన్నం తింటున్నరా, గాలి పీల్చుకోని బతుకుతున్నరా? వంకాయ కోస్తే తొడిమ ఎటు పోతాంది?"

హాల్లో అందరూ నవ్వారు. శైలజకు తల కొట్టేసినట్టయింది. ఆ తొడిమ ఎటుపోతుందో కళ్ళారా చూసి తీరాలని మరునాడు పొద్దున్నే కేతేపల్లిలో బస్సు దిగి, ఆటో ఎక్కి, ఆఫీసుకు కూడా పోకుండా తిన్నగా ఊరి మొదట్లో ఉండే ముసలి జానమ్మ ఇంటికి పోయి, వాకిట్లో ఆమె ఎదురుగా కూలబడింది. జానమ్మ వంకాయలే కోస్తోంది. తొడిమ తెగి కింద పడేలోపే పక్కన కట్టేసిన మేక నోట్లో పడింది. కడిగిన నీళ్ళు బర్రె కుడితిలోకి పోయాయి. రాత్రి మాడిన అన్నం కోళ్ళకు పోయింది. పొయ్యిలో బూడిద గిన్నెలు తోమడానికి పోయింది. శైలజ చూపు చివరికి ఉల్లిపొట్టు మీద పడింది.

"అవ్వా, మరి గా ఉల్లిపొట్టు?"

"పెంటకుప్ప మీదేస్త."

"అయితే ఆ పెంటకుప్పల నుంచి రోజుకు ఒక గంపెడు ఇయ్యరాదూ, షెడ్డులకు?"

జానమ్మ కత్తిపీట మీది నుంచి కాలు తీసి, ఈ పిల్లకు ఒంట్లో బాగుందా లేదా అన్నట్టు చూసింది. "పెంటకుప్ప నీకిస్తే నా చేన్ల ఏమెయ్యాలె బిడ్డా?"

అదీ ఆ ఊరి సంగతి. ఇళ్ళు నూట పన్నెండు, జీవాలు రెండు వేలు. గొర్లు, మేకలే బతుకు. ఇంట్లో మనుషుల నోళ్ళు అయిదైతే జీవాల నోళ్ళు ఇరవై. ప్రతి తొక్కకూ, ప్రతి పుల్లకూ పుట్టకముందే హక్కుదారు తయారుగా ఉంటాడు. పంచాయతీ వాళ్ళు ఇంటింటికీ పంచిన ఆకుపచ్చ, నీలం డబ్బాలను ఎవరూ పారేయలేదు, పాపం. ఆకుపచ్చ దాంట్లో కోళ్ళను పొదగేశారు, నీలం దాంట్లో జొన్నలు పోసుకున్నారు. ట్రాక్టరు నడిపే లింగస్వామి రోజూ పొద్దున విజిల్ ఊదుకుంటూ ఊరంతా తిరిగేవాడు. ఖాళీ ట్రాలీతో పోయి, ఖాళీ ట్రాలీతో వచ్చేవాడు. డీజిల్ మాత్రం ఖర్చయ్యేది.

ఇంతలో పిడుగులాంటి కబురు వచ్చింది. నెలన్నరలో జిల్లా నుంచి పెద్ద అధికారి వచ్చి ప్రతి ఊళ్ళో కంపోస్టు షెడ్డు చూస్తాడట. తొట్లు ఖాళీగా కనబడితే ఈసారి మెమో కాదు, నేరుగా సెక్రెటరీ ప్రొబేషన్ ఫైలు మీదే రాస్తాడట. శైలజ ఆ కాగితం పట్టుకుని సర్పంచ్ గోపమ్మ దగ్గరికి పరుగెత్తింది.

గోపమ్మ సంగతి కూడా చెప్పాలి. మిగతా ఊళ్ళలో ఆడ సర్పంచ్ అంటే కుర్చీలో మొగుడు కూర్చుంటాడు, ఆమె ఇంట్లో చాయ్ పెడుతుంది. ఈ ఊళ్ళో ఆ బెడద లేదు. గోపమ్మ భర్త గుర్వయ్య మంద తోలుకుని మేత కోసం ఎక్కడో కృష్ణ ఒడ్డున తిరుగుతుంటాడు. తన భార్య సర్పంచ్ అయిన సంగతి అతనికి పద్దెనిమిది రోజుల తర్వాత తెలిసింది. అందుకని గోపమ్మ తన బుద్ధితో తానే పాలించేది, అది మంచి బుద్ధే.

"ఏడ్వకు బిడ్డా. గ్రామసభ పెడుదాం. నీ నౌకరి పోతే మాకు ఇంకో సెక్రెటరొస్తడు. ఆడు ఎసొంటోడో ఏమో! నువ్వైతే అడిగినప్పుడు కాయితం ఇస్తవు, మొఖం చిట్లియ్యవు," అంది గోపమ్మ.

మర్నాడు పంచాయతీ ఆఫీసు ముందు గ్రామసభ కూర్చుంది. శైలజ లేచి తడి చెత్త అంటే ఏమిటో, కంపోస్టు ఎలా అవుతుందో వివరించింది. అంతా విని బీరప్ప లేచాడు. డెబ్బై దాటిన మనిషి, ఎనభై మేకల ఆసామి, ఊళ్ళో ఏ పంచాయితీ అయినా అతని మాట లేకుండా తెగదు. ముక్కు మీద కోపం.

"అంటే మేక తినేదాన్ని తీస్కపోయి మన్నుల కలుపుతరా? దేనికి?"

"ఎరువు అయితది తాతా."

"మేక తింటె ఎరువు గాదా?"

శైలజకు ఇది ట్రైనింగులో కూడా ఎవరూ చెప్పలేదు. గోపమ్మే అడ్డుపడింది. "తాతా, సర్కారు లెక్క సర్కారుకుంటది, నీ లెక్క నీకుంటది. నెలన్నర దినాలు. ఇంటికి రోజొక పిడికెడు. జర ఓర్సుకోండ్రి, పోరి నౌకరి నిలవడ్తది."

పిల్ల నౌకరీ అనేసరికి అందరూ సరేనన్నారు. ఇంటికి రోజుకొక పిడికెడు తడి చెత్త ఇవ్వాలని శైలజ రిజిస్టర్లో రాసింది, అందరూ సంతకాలు, వేలిముద్రలు పెట్టారు. ఆ సాయంత్రం ఆమె చాలా రోజుల తర్వాత కడుపు నిండా అన్నం తింది.

తెల్లారి బస్సులో ఉండగానే లింగస్వామి ఫోన్ చేశాడు. "మేడం, జల్ది రాండ్రి. నాకు పరేషానైతాంది. గిది చెత్త గాదు, కూరగాయల అంగడి."

వచ్చి చూస్తే నిజమే. ట్రాలీ నిండా నవనవలాడే సొరకాయలు, బీరకాయలు, తోటకూర కట్టలు. టమాటాలను ఎవరో కడిగి, తుడిచి మరీ వేశారు. అమృతమ్మ అనే ఇల్లాలైతే సొరకాయకు పసుపు కూడా రాసింది. ఒకరు విస్తరిలో పప్పన్నం పెట్టి పంపారట గానీ, అది చెత్త కిందికి రాదని లింగస్వామి అక్కడికక్కడే తీర్మానించి తినేశాడు. శైలజ తల పట్టుకుంది. ట్రాక్టరు ఆపించి ఇంటింటికీ పోయింది.

"అవ్వా, ఇవన్నీ మంచియి కదా! తొక్కలు ఇయ్యుమంటె కాయలెందుకు ఇస్తున్నరు?"

జానమ్మ నొచ్చుకుంది. "సర్కారుకు ఎంగిలి తొక్కలు ఎట్ల పెడ్తం బిడ్డా? రేప్పొద్దున మా మొఖం చూస్తదా సర్కారు? ఇచ్చినప్పుడు మంచిగియ్యాలె. మేకకు తొక్క పెట్టినం, మీకు కాయ పెట్టినం."

శైలజ ఎన్ని విధాల చెప్పినా ఆ ఊళ్ళో ఒక్కరికీ ఈ సంగతి బుర్రకెక్కలేదు. ఇచ్చేది ఎవరికైనా, ఇంట్లో ఉన్నదాంట్లో మంచిది తీసి ఇవ్వాలి. చెడ్డది ఏరి ఇంకొకరి చేతిలో పెట్టడం వాళ్ళ తాతముత్తాతల నాటి నుంచి ఎరగరు. అడిగేది తమ బిడ్డలాంటి సెక్రెటరీ ఆయె. చేసేదేం లేక శైలజ ఫోటో తీసి ఫోన్లో ఎక్కించింది. పది నిమిషాల్లో మండల అధికారి ఫోన్ వచ్చింది.

"ఏందమ్మా, చెత్త ఫోటో పెట్టుమంటె సంత ఫోటో పెట్టినవు?"

శైలజ సిగ్నల్ లేదని కట్ చేసింది.

సరే, కాయలో తొక్కలో, తొట్లయితే నిండాయి కదా అని ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరి మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. పొద్దు నడినెత్తికి వచ్చే వేళకు బీరప్ప మేకలు గుట్ట దిగి నీడ వెతుక్కుంటూ వచ్చాయి. రేకుల షెడ్డులో నీడ ఉంది, నీడలో సొరకాయలున్నాయి. షెడ్డుకు తలుపు పెట్టడానికి నిధులు ఇంకా రాలేదు. గంట తర్వాత లింగస్వామి పోయి చూస్తే ఆరు తొట్లూ నాకినట్టున్నాయి. మేకలు తొట్లలోనే పడుకుని తీరిగ్గా నెమరేస్తున్నాయి. అవి లేచి పోయాక మిగిలినవి నల్లటి పెంటికలే.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. శైలజ కర్ర పట్టుకుని కాపలా కూర్చుంది. ఆమె ఒకవైపు అదిలిస్తే అవి రెండోవైపు దూరాయి. తుమ్మకంప తెప్పించి అడ్డం పెట్టించింది. మేకలకు తుమ్మకంప అడ్డమా! ముందు దాని ఆకంతా తిని, తర్వాత లోపలికి పోయాయి. వారం తిరిగేసరికి వాటికి లింగస్వామి విజిల్ కూడా అలవాటైంది. పొద్దున విజిల్ వినబడితే చాలు, బీరప్ప మేకలన్నీ ట్రాక్టరు వెనక పెళ్ళి ఊరేగింపులా నడిచేవి. ఊరివాళ్ళు మాత్రం మహా సంబరపడ్డారు. ఇచ్చింది మన్నుపాలు కాకుండా మేకలపాలు అవుతోందని తెలిసి పిడికెడు ఇచ్చేవాళ్ళు గంపెడు ఇచ్చారు.

ఇక తన వల్ల కాదని శైలజ వదిలేసింది. లింగస్వామి మాత్రం ట్రైనింగులో చెప్పినట్టు రోజూ తొట్లలో నీళ్ళు చల్లి, మూడు రోజులకోసారి పారతో తిరగేసేవాడు. ఏం తిరగేస్తున్నావని ఎవరూ అతన్ని అడగలేదు, అతనూ చెప్పలేదు. జీతం ఇచ్చేది ఆ పనికే కదా అనుకున్నాడు.

చెప్పిన రోజుకు జీపు వచ్చింది. పెద్ద అధికారి దిగాడు, వెనకే మండల అధికారి దిగాడు. చూడటానికి ఊరంతా షెడ్డు దగ్గరే ఉంది. శైలజ రిజిస్టరు గుండెకు గట్టిగా అదుముకుంది. పెద్ద అధికారి మాట్లాడకుండా తొట్టి దగ్గరికి పోయి, వంగి, గుప్పెడు తీసి నలిపాడు. నల్లగా, పొడిపొడిగా, మధ్య మధ్యన ఆకు తునకలతో వేళ్ళ సందుల్లోంచి రాలింది. వాసన చూశాడు.

"ఎవరు చేసిన్రు ఇది?" అన్నాడు. "జిల్లాల ఇన్ని షెడ్లు చూసిన, ఇసొంటి కంపోస్టు ఏడ కానరాలె."

"నేనే సార్, దగ్గరుండి చేపిచ్చిన," అన్నాడు మండల అధికారి. ఆయన ఆ షెడ్డు చూడటం అదే మొదటిసారి.

శైలజకు ప్రాణం లేచొచ్చింది. పెద్ద అధికారి కాగితం తీస్తూ, "దీన్ని మీ ఊరి మొక్కల నర్సరీకి వాడుకోండ్రి. మిగిలింది పక్క పంచాయతీలకు పంపుండ్రి," అన్నాడు.

"ఎవ్వలది ఎవ్వలు పంపుతరు?"

గోడకానుకుని కూర్చున్న బీరప్ప కర్ర ఆనించి లేచాడు. జనం తప్పుకున్నారు. ఆ దిక్కున ఒక కట్టుబాటు ఉంది. మంద రాత్రిపూట ఎవరి చేలో పడుకుంటే ఆ చేను రైతు మంద ఆసామికి గింజలు కొలవాలి. ఊరికే పోనిచ్చే పెంట అంటూ ఉండదు. ఆస్తి ఏదంటే ఇల్లు, మంద, మంద పెంట, ఈ మూడూ చెబుతారు. బీరప్ప తొట్టిలోంచి గుప్పెడు తీసి అధికారి ముక్కు ముందు పెట్టాడు.

"కంపోస్టు గింపోస్టు నాకెరుక లేదు సారూ. ఇది నా మేకలది. ఇగో, ఇది నా నల్లమేకది, సన్నగుంటది. గిది జర లావుగున్నది చూడుండ్రి, నా పోతుది. అరవై ఏండ్ల సంది చూస్తున్న, నా జీవాల పెంట నాకు తెల్వదా? గింజలు కొల్సినంకనే ఎటైన పంపుండ్రి."

పెద్ద అధికారి శైలజ వైపు తిరిగాడు. "ఏందమ్మా ఇది? కంపోస్టా, మేక పెంటా?"

ఆయన వెనక నిలబడి మండల అధికారి కళ్ళతోనే చెబుతున్నాడు, కంపోస్టు అను, కంపోస్టు అను అని. ఒక్క మాట. ఆ ఒక్క మాట అంటే నౌకరీ నిలబడుతుంది, చౌటుప్పల్‌లో నాయిన రాత్రి షిఫ్టులు మానేయొచ్చు. శైలజ నోరు తెరిచింది. ఎదురుగా బీరప్ప గుప్పిట పట్టుకుని నిలబడ్డాడు. ఆ గుప్పిట్లోది ఆ ముసలాయన సొమ్మని ఆమెకు తెలుసు.

"మేక పెంటనే సార్," అంది. "తాత చెప్పింది నిజం. నాలుగు నెలలు నేను సున్న పెట్టిన కదా సార్, అది గూడ నిజమే. ఈ ఊర్ల తడి చెత్త లేదు. తొక్క కిందవడక ముందే తినెటందుకు నోరు తయారుగుంటది. లేని చెత్తను నేనేడ నుంచి తేవాలె?"



పెద్ద అధికారి కళ్ళద్దాలు సర్దుకుని, "నువ్వు చెప్పింది మంచిగనే ఉన్నదమ్మా. కని నా కాయితంల గడులు రెండే ఉన్నయి. కంపోస్టు ఉన్నది, లేదు. చెత్తనే లేని ఊరు అని మూడో గడి లేదు," అన్నాడు. అని, కలం మూత తీశాడు.

బీరప్ప పక్కనున్న గోపమ్మను గిల్లాడు. "ఏం రాస్తాండే?"

"ఏముంది? బిడ్డ నౌకరి పాయె అని రాస్తాండు," అంది గోపమ్మ. ఆమెకు కోపం ఆగడం లేదు. "నువ్వేమో గింజలడుగు!"

బీరప్ప బిక్కచచ్చిపోయాడు. శైలజ వైపు చూశాడు. పింఛను కాగితం కోసం ఆ పిల్ల తన వెంట మూడుసార్లు మండల ఆఫీసుకు నడిచింది. గుప్పిట వైపు చూసుకున్నాడు. దాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుని, చాలాసేపు, ఊరంతా చూస్తుండగా వాసన చూశాడు.

"ఆగుండ్రి సారూ. నేను పొరబడ్డ."

కలం ఆగింది.

"ముసలోన్ని, కండ్లు సరిగ్గ ఆనవు. ఇది నా జీవాలది గాదు." అక్కడ ఆగాడు. మందను ఒక్క మాటంటే ఎంతటివాడి మీదికైనా కర్ర ఎత్తిన మనిషి. కళ్ళు మూసుకుని అనేశాడు. "ఇది చెత్త. ఉత్త చెత్త."

"అవును సారూ, మా ఇంటి సొరకాయనే అట్లయింది," అంది అమృతమ్మ వెంటనే. "మా వంకాయలు గూడ ఉన్నయి దాంట్లె," అంది జానమ్మ. "ఇది మా పంచాయతీ చెత్త. అందరం ఏలుముద్రలేసి ఇచ్చినం, కాయితం చూస్కోండ్రి," అని గోపమ్మ శైలజ చేతిలోని రిజిస్టరు లాక్కుని అధికారి ముందు తెరిచి పెట్టింది.

పెద్ద అధికారి రిజిస్టరు చూశాడు, తొట్టి చూశాడు, బీరప్పను చూశాడు. 'ఉన్నది' అన్న గడిలో టిక్కు పెట్టి, కింద 'చాలా బాగున్నది' అని కూడా రాసి సంతకం చేశాడు. జీపు ఎక్కబోతూ వెనక్కి వచ్చి బీరప్ప భుజం మీద చెయ్యి వేశాడు.

"తాతా, మాది మక్తల్ దిక్కు. మా నాయిన ఏటేట ఎరువుకని చేన్ల మంద కట్టించెటోడు. పెంట వాసన నాకు తెల్వదనుకున్నవా?"

"తెలిస్తె తెల్సిందని చెప్పాలె గద సారూ!" బీరప్పకు ఏడుపొక్కటే తక్కువ. "ఇంతమందిల నాతోని నా పెంటను చెత్త అనిపిస్తివి!"

"నేనంటె చెల్లదు తాతా. ఆసామివి నువ్వంటెనే చెల్లుతది," అని ఆయన జీపెక్కాడు.

జీపు దుమ్ము అణిగిందో లేదో, శైలజ బీరప్ప చేతులు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. ఆరు తొట్ల పెంట తన కోసం పోగొట్టుకున్నాడు ముసలాయన. దాన్ని ఆయన చేలో పోయిద్దామంటే అదిప్పుడు పంచాయతీ సొత్తు, పై అధికారి సంతకం కూడా పడింది. ఊరికే తీసి ఇస్తే అది ఇంకో నేరం.

గోపమ్మ చెంగు నడుముకు దోపింది. "జనమంత ఈడనే ఉన్నరు. గ్రామసభ ఇప్పుడే పెట్టు. నేను చెప్త, నువ్వు రాయి."

అక్కడే, షెడ్డు నీడలో, మేకల మధ్యనే సభ కూర్చుంది. గోపమ్మ చెప్పింది, శైలజ ముక్కు ఎగబీలుస్తూ రాసింది. రాసింది అందరికీ వినిపించాలి కాబట్టి లేచి చదివింది.

"నర్సరీకి, పక్క పంచాయతీలకు తలొక తట్ట పోను మిగిలిన పంచాయతీ చెత్తను పారబోయుటకు ఊరిలో వేరే జాగా లేనందున, సదరు చెత్తను బీరప్ప గారి చేనులో..."

"బిడ్డా!" అని బీరప్ప చెయ్యెత్తి ఆపాడు. పక్కనే నెమరేస్తున్న నల్లమేక వీపు మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించాడు. "చెత్త అన్నకాడ జర మెల్లగ చదువు. జీవాలు ఇంటయి."